గురువారం పిల్లలు

మా అక్క థియోడోరా పోయి పదకొండు నెలలైంది. మా రేవు ఊరు ఆన్స్ గాలేలో ఆమెను అందరూ తియో టీచర్ అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే బడిలో, ఒకే గదిలో ఐదో తరగతికి పాఠం చెప్పింది. పక్కనే నా రెండో తరగతి. మా గదుల మధ్య గోడ లేదు, నా భుజం ఎత్తు చెక్క అడ్డు మాత్రం ఉండేది. అందువల్ల ఆమె పాఠం సగం నా చెవినే పడేది.

ముప్ఫైమంది పిల్లలు ఒక్క గొంతుతో పుస్తకం చదవడం అక్కకి గిట్టేది కాదు. "అందరూ కలిసి అరుస్తుంటే చదవడం రానివాడు కూడా నోరు ఆడిస్తాడే. వాణ్ని పట్టుకోవడం ఎలా?" అనేది. తరగతి వెనక ఓ పొట్టి బల్ల వేయించుకుంది. మిగతావాళ్ళు లెక్కలు చేసుకుంటుంటే ఆరుగురిని ఆ బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుని ఇరవై నిమిషాలు చదివించేది. కొందరికి అక్షరాల శబ్దాలే కుదిరేవి కావు. కొందరు గడగడా చదివేసి, ఏం చదివావురా అంటే బిక్కమొహం వేసేవారు. ఎవరికి ఏది కొరత పడితే దాని మీదే పాఠం. కొరత తీరిన పిల్ల ఆ గుంపులోంచి లేచి ఇంకో గుంపులోకి వెళ్ళిపోయేది.

గుంపులకి పిట్టల పేర్లు పెట్టమని శిక్షణలో ఎవరో చెప్పారట. అక్క ఒప్పుకోలేదు. "చిలకలెవరో కోళ్ళెవరో పిల్లలకి ఒక్క పూటలో తెలిసిపోతుంది" అంది. వాళ్ళు బల్ల దగ్గరికి వచ్చే రోజే వాళ్ళ పేరు. సోమవారం పిల్లలు, మంగళవారం పిల్లలు. అందులో ఎక్కువ తక్కువలు వెతకడం ఎవరి వల్లా కాలేదు.

గురువారం పిల్లలంటే ఆమెకి ప్రాణం. వాళ్ళ ఇళ్ళల్లో మా దీవి వాడుక భాష క్వేయోల్ తప్ప ఇంకో మాట వినపడదు. పుస్తకాలేమో ఇంగ్లీషు. యూజెనీ అనే పిల్ల ఒకరోజు చదువుతూ వాన అనే మాట దగ్గరికి వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఇంగ్లీషు మాట. పిల్ల నోట్లోంచి క్వేయోల్‌లో 'లాప్లీ' అని వచ్చింది. ఇంకో రెండు వాక్యాల తర్వాత ఇల్లు వచ్చేసరికి 'కాయ్' అంది. ఆగలేదు, తడబడలేదు. తను మాట మార్చానని దానికి తెలియనే తెలియదు.

ఆ సాయంత్రం అక్క ముఖం వెలిగిపోతోంది.

"తప్పు చదివితే నీకెందుకే అంత సంబరం?" అన్నాను.

"తప్పా! అక్షరాలు చూడందే దానికి వాన అని ఎలా తెలుస్తుంది? మాట లోపలికి వెళ్ళింది, అర్థమైంది, బయటికొచ్చేటప్పుడు ఇంటి చెప్పులు తొడుక్కుని వచ్చింది. చెప్పులు మార్చడం ఎంతసేపు?"

ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. సరిగ్గా చదివిన మాటకి గీత, తప్పుకి కొట్టివేత. ఇంటి మాటలో చదివితే సున్నా చుట్టేది. ఆ పుస్తకంలో ఆమెకి అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు ఆ సున్నాయే.

మా హెడ్ మిస్ట్రెస్ వెర్నెటా, అక్కా చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అక్క కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నిలబడింది కూడా వెర్నెటాయే. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. యూజెనీ ఐదో తరగతిలో ఉన్న ఆ ఏడాది పై ఆఫీసు నుంచి ఒక మాట వచ్చింది. ఐదో తరగతి పరీక్షలో బడి వెనకబడితే మూసేసి, పిల్లల్ని పట్నం బడికి పంపేస్తారని. పరీక్షలో సగం రాత. సగం బయటినుంచి వచ్చిన టీచరు ముందు పైకి చదవడం. ఆ పరీక్ష రాయని పిల్లకి పెద్ద బడి లేదు, ఇంకో ఏడాది అదే తరగతి.

పరీక్షకి రెండు వారాల ముందు వెర్నెటా మా చెక్క అడ్డు దగ్గరికి వచ్చింది.

"వదినా, నీ పుస్తకం రెండ్రోజులు ఇస్తావా? ఎవరి పరిస్థితి ఏమిటో ఒకసారి చూసుకుంటాను."

"నా కోడిగీతలు నీకేం అర్థమవుతాయి?"

"అయ్యో, పదో తరగతిలో నీ రాత చూసే కదటే పాసయ్యాను!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అక్క ఏ గుర్తుకి ఏమిటో ఓపిగ్గా చెప్పింది. సున్నా గురించి అన్నిటికన్నా ఎక్కువసేపు చెప్పింది. వెర్నెటా శ్రద్ధగా విన్నది. అది నేను కళ్ళారా చూశాను.

పరీక్షనాడు గురువారం పిల్లలు ఆరుగురూ రాలేదు.

వాన పడి దారి పాడైందేమో అనుకుంది అక్క. గంట కొట్టడానికి ఇంకా టైముందని వాళ్ళ ఇళ్ళున్న రేవు వైపు పరుగెత్తింది. యూజెనీ పాత గౌను వేసుకుని వాళ్ళ అవ్వ పక్కన కూర్చుని చేపలు తోముతోంది.

"ఇక్కడేం చేస్తున్నావే? పరీక్ష!"

పిల్ల తలెత్తలేదు. "నన్ను రావద్దన్నావుగా టీచర్."

"నేనా?"

"హెడ్ మేడమ్ వచ్చి చెప్పింది. చదవలేనివాళ్ళ పేర్లు తియో టీచర్ రాసిచ్చింది, అందులో నీ పేరుంది అని."

వాళ్ళ అవ్వ ఇగ్నేషియా చేప పొట్ట చీరుతూనే అంది. "పెద్ద బడి పావడాకి నీలం గుడ్డ కూడా కొన్నానమ్మా. మా పిల్లకి రాదని ముందే చెబితే ఆ గుడ్డ కొనేదాన్ని కాదు కదా. ఏడాదంతా బాగా చదువుతోంది, బాగా చదువుతోంది అంటివి."

అక్క పిల్ల చెయ్యి పట్టుకుని, చేప పొలుసులతోనే బడికి లాక్కొచ్చింది. గుమ్మం దగ్గర కూర్చున్న పరీక్ష టీచరు జాబితా చూసి, ఈ పేరు ఎదురుగా జబ్బు అని రాసుంది, లోపలికి పంపలేనంది. అక్క వెర్నెటా గదిలోకి వెళ్ళింది. పిల్లని నా దగ్గర నిలబెట్టుకుని నేను బయటే ఉన్నాను. మాటలన్నీ మా ఇద్దరికీ వినపడ్డాయి.

"సున్నా అంటే ఏమిటో నీకు చెప్పాను వదినా."

"చెప్పావు. అందుకే. వచ్చినావిడకి క్వేయోల్ ముక్క రాదు. వాళ్ళు లాప్లీ అంటే తప్పు వేస్తుంది. ఆరుగురి కోసం నూట నలభైమందిని రోజూ బస్సెక్కించమంటావా?"

"నా పేరెందుకు చెప్పావు?"

"నా మాటైతే వాళ్ళు వినరు కదా" అంది వెర్నెటా. దాచకుండా, మామూలుగా అంది.

తెలియక చేసిందేమో అని అక్క మనసులో ఎక్కడో ఉన్నట్టుంది. ఆ మాటతో అదీ పోయింది. ఆ రోజు నుంచి ఆమెను వదినా అని పిలవలేదు. హెడ్ మిస్ట్రెస్ గారూ అనేది. కూతురు పెళ్ళిలో కూడా అలాగే పిలిచింది.

ఫలితాలు బాగా వచ్చాయి. బడి నిలిచింది. ఆదివారం పూజ తర్వాత వెర్నెటా మైకు పట్టుకుని, ఈ ఘనతంతా తియో టీచర్‌ది అంది. చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది. సిగ్గుపడిందనుకున్నారు.

ఆ వారమే పై ఆఫీసుకి ఉత్తరం రాసింది. బడి మూసేస్తే మన ఉద్యోగాలూ పోతాయే అని నేనే అడ్డుపడ్డాను. వినలేదు. రెండు నెలలకి జవాబొచ్చింది. పిల్లలకి జబ్బని ఇంటివాళ్ళే కాగితాలిచ్చారు, ఇక చెయ్యగలిగిందేమీ లేదని. దానితోపాటు ఒక కాగితం నకలు పంపారు. కింద ఇగ్నేషియా అవ్వ వేలిముద్ర.

అది పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. అవ్వ మమ్మల్ని కూర్చోమనలేదు.

"అవ్వా, పేర్లు నేనివ్వలేదు."

"మరి హెడ్ మేడమ్ వచ్చిన రోజు నా చేత వేలిముద్ర ఎందుకు వేయించింది? కాగితం తియో టీచర్ పంపిందంటే, ఏముందో చదివి వినిపించమని కూడా అడగలేదు. ఇంకెవరి పేరు చెప్పినా అడిగేదాన్ని."

అక్క కాగితం మడత విప్పింది. "ఏముందో చదువుతాను."

"నువ్వొద్దు." అవ్వ లోపలికి తిరిగింది. "యూజెనీ! ఇటు రా. ఇది చదువు."

యూజెనీ కాగితం అందుకుంది. అంతా ఇంగ్లీషే. దాని వేలు ఇంగ్లీషు అక్షరాల మీద నడుస్తోంది, నోట్లోంచి మాత్రం క్వేయోల్ వస్తోంది. ఎక్కడా ఆగలేదు.

"నా మనవరాలికి మూడు రోజులుగా జ్వరం. పరీక్షకు పంపలేను. నా ఇష్టంతోనే వేలిముద్ర వేస్తున్నాను."

అవ్వ పిల్ల వైపు చూసింది. "జ్వరమా? ఆ వారం నాతోపాటు కొండ మీంచి సీమపనసకాయలు మోసుకొచ్చావు కదే."

"ఆ."

"అలాగే రాసుందా? జ్వరమనే?"

"జ్వరమనే ఉంది అవ్వా. రెండుసార్లు చూశాను."

అవ్వ ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. అక్క ఏదో చెప్పబోయింది.

"ఇక మీదట ఈ గుమ్మంలోకి ఏ కాగితం వచ్చినా ఈ పిల్లే చదువుతుంది" అంది అవ్వ. "నువ్వు తెచ్చినా సరే, టీచరమ్మా."

"అలాగే అవ్వా" అంది అక్క.