నాన్నమ్మకి ఇంగ్లీషు రాదు

నా చిన్నప్పుడు, నాకు పదకొండేళ్ళప్పుడు, తమ్ముడు పుట్టాడని మా నాన్నమ్మ తెనాలి నుంచి అమెరికాలో మేముండే పార్సిప్పనీ వచ్చి ఎనిమిది నెలలు మాతో ఉంది. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నాకేమో అప్పటికే తెలుగు మాట్లాడాలంటే నామోషీ. మా స్కూల్లో ఇండియా పిల్లని నేనొక్కదాన్నే. చీర మీద నాన్న పాత స్వెటర్, సాక్సుల మీద చెప్పులు వేసుకుని ఆవిడ స్కూల్ బస్ దగ్గరికి ఎదురొస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆవిడకి ఇక్కడ దొరికిన ఒకే ఒక్క స్నేహం పక్కింటి మామ్మగారు. యూదులావిడ. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. శనివారమైతే కారు తీయదు, పొయ్యి వెలిగించదు. ఈ రోజుల్లో ఇదేం పట్టింపు అని మా అమ్మ నవ్వేది గానీ, నాన్నమ్మ మాత్రం "మడి తెలిసిన మనిషే" అని తేల్చేసింది. ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చుని గంటలకొద్దీ చిక్కుడుకాయలకి ఈనెలు తీసేవారు.

ఒకరోజు మా క్లాస్ అమ్మాయిలు ముగ్గురు ఇంటికొచ్చారు. వాళ్ళు రావడమే నాకు గొప్ప. మెట్ల దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే నాన్నమ్మ పళ్ళెంలో చేగోడీలు పెట్టుకుని వచ్చింది. ఎవరీవిడ అని ఒకమ్మాయి అడిగింది. పనిమనిషి అన్నాను. అంతటితో ఊరుకున్నానా? కంపు కొడుతుందనీ, చదువు రాదనీ, త్వరలో పంపించేస్తామనీ, మొహాన నవ్వు చెదరకుండా ఇంగ్లీషులో చెప్పుకుపోయాను. వాళ్ళు నవ్వారు. నా నవ్వు చూసి నాన్నమ్మ కూడా నవ్వింది. "నా గురించే చెబుతోంది, నా తల్లే" అని నా బుగ్గలు పుణికి మెటికలు విరుచుకుంది.

అమ్మాయిలు వెళ్ళాక పక్కింటి మామ్మగారు నన్ను లోపలికి పిలిచింది. వాళ్ళ కిటికీ తీసే ఉంది, అంతా విన్నది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టి, తమ పూర్వీకులకి ఎడారిలో ఇచ్చిన ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ ఉందని చెప్పింది. చెవిటివాణ్ణి తిట్టకూడదు. వినపడని వాణ్ణి తిడితే వాడికి నొప్పేమిటని చిన్నప్పుడు వాళ్ళ నాన్నని అడిగిందట. వినపడేవాడు తిరిగి తిడతాడు, కాకపోతే ఏడుస్తాడు, కనీసం పక్కకి తప్పుకుంటాడు. వినపడని వాడికి ఆ దారులేవీ లేవు, అందుకే ఆజ్ఞ వచ్చి వాడి పక్కన నిలబడింది అన్నాడట ఆయన. మా ఆజ్ఞలు మరీ కఠినమని అందరూ అంటారు, కఠినంగా లేకపోతే నోరులేని వాళ్ళకి దిక్కెవరు అని నన్నే అడిగింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడే వెళ్ళి నాన్నమ్మ కాళ్ళు పట్టుకుంటానన్నాను. లేవబోతుంటే మామ్మగారు నా చెయ్యి పట్టుకుంది. "ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే ఏం చెబుతావు? నువ్వన్న ఒక్కొక్క మాటా నీ నోటితోనే ఆవిడ భాషలో చెప్పాలి. ఇప్పటిదాకా తగలని దెబ్బ అప్పుడు తగులుతుంది" అంది. నేను మళ్ళీ కూర్చుండిపోయాను. తప్పు చేస్తే సారీ చెప్పమని స్కూల్లో నేర్పారు. సారీ చెప్పడానికి కూడా వీల్లేని తప్పులుంటాయని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఆ ముగ్గురికీ నిజం చెప్పేశాను. వాళ్ళు మళ్ళీ మా ఇంటికి రాలేదు. నాన్నమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ వెంటే తిరిగాను, అదివరకు పారిపోయేదాన్నల్లా బుద్ధిగా కూర్చుని తలకి నూనె రాయించుకున్నాను. దీనికి ఉన్నట్టుండి నా మీద ఇంత ప్రేమేమిటో అని ఆవిడ పొంగిపోయేది. నాకు మాత్రం గుండెల్లో ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది.

తెనాలి వెళ్ళిన రెండేళ్ళకి ఆవిడ పోయింది. మా అత్తయ్య ఉత్తరం రాసింది. మంచాన పడ్డాక కూడా చూడవచ్చిన వాళ్ళందరికీ ఒకటే చెప్పేదట. అమెరికా పిల్లల ముందు నా మనవరాలు నన్ను ఎంతగా పొగిడిందో, భాష రాకపోయినా దాని మొహం చూస్తే నాకు తెలిసిపోయింది అని. అది చదివి అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని మురిసిపోయింది. నేను బాత్రూంలోకి వెళ్ళి నోరు నొక్కుకుని ఏడ్చాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మన మాట తెలియని వాళ్ళ ముందు వాళ్ళ గురించి నేను నోరు విప్పను, మా ఇంట్లో ఎవర్నీ విప్పనివ్వను. మా పిల్లలు నన్ను మరీ స్ట్రిక్ట్ అంటారు. అననీ. ఆ రోజు నాన్నమ్మకి తెలిసిపోయి నా చెంప పగలగొట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఆవిడ సంతోషపడింది. ఆ సంతోషాన్నే ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, దించుకునే చోటు లేదు.