మరియమాత గుడిలో కోట ఆమె పేరు

అమ్మ పడిపోయింది పొద్దున ఎనిమిదింటికి, వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తూ. నేను పరుగెత్తుకొచ్చేసరికి మూతి ఒక పక్కకు పోయింది. ఇందుకూరుపేట నుంచి నెల్లూరు దాకా అంబులెన్సులో ఆమె ఎడమచెయ్యి నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బరువుగా, వేరే ఎవరి చెయ్యో అన్నట్టు ఉంది. మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమనీ డాక్టరు అన్నాడు.

మేము చేపలు పట్టేవాళ్లం. జ్వరమొచ్చినా, పడవ తిరగబడినా మా ఊరి అమ్మవారికే మొక్కుకుంటాం. ఐసీయూ బయట నా పక్కన ఒక పెద్దావిడ తన మనవడి కోసం జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. మా ఊరు ఏదో అడిగి తెలుసుకుని, "మీరు ఊరికి పోయే దారిలోనే మరియమాత గుడి ఉంది కదమ్మా. రేపు శనివారం, రోగుల కోసం ప్రార్థన చేస్తారు. మీ అమ్మ పేరు రాయించు. మనం అడగలేనిది ఆ తల్లి తన కొడుకుని అడుగుతుంది" అంది.

కాదనే ధైర్యం నాకు లేదు. తమ్ముణ్ణి ఆసుపత్రిలో ఉంచి మర్నాడు వెళ్లాను.

గుడిలో ఒక సిస్టరమ్మ పేర్లు రాసుకుంటోంది. అమ్మ పేరు చెప్పి, ఫోనులో ఫొటో చూపించాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"ఈమె మీ అమ్మా? ఏమైంది ఈమెకి?"

"మా అమ్మ మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంది! ఏడాదిగా ప్రతి శనివారం వస్తుంది. చేపల గంప బయట దించి, కాళ్లు కడుక్కుని, అదిగో, ఆ చివరి స్తంభం దగ్గర కూర్చుంటుంది."

శనివారం అమ్మ నెల్లూరు బజారుకు పోయి వస్తుందనే ఇంట్లో అందరం అనుకుంటున్నాం.

"ఎవరి కోసం సిస్టర్? మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదే."

ఆమె నోటుబుక్కు వెనక్కి తిప్పి చూపించింది. ప్రతి వారం ఒకటే పేరు. పేరు పక్కన ఊరు కూడా రాసి ఉంది, కోట అని.

ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. 'కోట ఆమె' అంటాం, అదీ కోపం వచ్చినప్పుడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్న మమ్మల్ని వదిలేసి పోయింది ఆమె దగ్గరికే.

"రెండు కిడ్నీలూ పోయినాయంట కదా, పాపం. మీకు దగ్గర చుట్టమా?" అని అడిగింది సిస్టరమ్మ.

"అవును" అన్నాను. ఇంకేం చెప్పను?

ప్రార్థన మొదలైంది. సిస్టరమ్మ ఒక్కో పేరూ చదువుతుంటే, మోకాళ్ల మీద ఉన్న జనమంతా ఆ మనిషి కోసం మరియమాతను వేడుకుంటున్నారు. అమ్మ రాకపోయినా ఆ పేరు చదివింది. దాని వెనకే మా అమ్మ పేరు. రెండు పేర్లకీ ఆ గొంతుల్లో ఏ తేడా లేదు. ఉండలేక మధ్యలోనే లేచి వచ్చేశాను. నెల్లూరు బస్సెక్కాను.

ఐదో రోజుకు అమ్మకు మాట వచ్చింది, ముద్దముద్దగా. ఇడ్లీ మెదిపి పెడుతూ అడిగేశాను.

"కోట ఆమె కోసం గుడికి పోతున్నావంట?"

అమ్మ నమలడం ఆపింది. నోట్లో ముద్ద మింగి చెప్పింది.

"బీపీ మాత్రలకి పెద్దాసుపత్రికి పోయినప్పుడు చూసినా. మొహమంతా ఉబ్బిపోయి బెంచీ మీద పడుకోనుంది. డయాలసిస్ అంట. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది."

"అయితే? మనల్ని ఏం చేసిందో మర్చిపోయినావా?"

"మర్చిపోలా. మీ నాన్న ఇల్లు విడిచి పోయిన ఏడు అమ్మోరి ముందు నిలబడి మొక్కినా. అది మంచానపడి కుళ్లిపోవాలని. నా నోటితోనే మొక్కినా పాపా."

ఎండబెట్టిన చేపల్ని ఎత్తుకుపోయే పిల్లిని కూడా తిట్టని మనిషి మా అమ్మ.

"ఆమెను అట్లా చూడగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలా. నేను అడిగిందే వచ్చింది. మళ్లీ అమ్మోరి దగ్గరికే పోయి, వద్దులే అని ఏ మొహం పెట్టుకుని చెప్పేది? అందుకే ఈ తల్లి దగ్గరికి పోయినా. నా బదులు నువ్వు అడుగమ్మా అని."

నీ మొక్కు వల్ల కాదమ్మా, ఆమెకు షుగర్ ఉండి ఉంటుంది, దానివల్ల వచ్చిందేమో అన్నాను. విన్నది. నమ్మలేదు.

అమ్మ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్న రోజుల్లో కోట నుంచి కబురొచ్చింది, ఆమె పోయిందని. అమ్మ ఏడవలేదు. "ఆటో పిలువు" అంది. నేను రానన్నాను. ఒక్కదాన్నే పంపలేక చివరికి నేనే తీసుకెళ్లాను.

నాన్న మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. అమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు. నేరుగా వెళ్లి శవం దగ్గర కూర్చుని, పనిచేసే కుడిచెయ్యి ఆమె పాదాల మీద పెట్టి ఏదో గొణిగింది. నాకు వినబడలేదు. పక్కన ఆమె కూతురు, పదో తరగతి చదివే పిల్ల. ఆ పిల్లను నేను చూడడం అదే మొదటిసారి. అచ్చం నా మొహం.

"ఏమన్నా తిన్నావా అమ్మా?" అని అడిగింది అమ్మ.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, అమ్మ భుజం మీద పడి ఏడ్చింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను, చెప్పులైనా విప్పకుండా.