అన్నయ్య వదలని నాలుగో బంతి

ఆ రోజుల్లో మేం పోగొట్టుకున్నవి లెక్క వేస్తే తోలు బంతులు తొమ్మిది (ఆరు ముళ్లకంపల్లో, మూడు పక్కింటి డాబా మీద), అరువు తెచ్చిన గ్లవ్ ఒకటి, అన్నయ్య ముందుపన్ను సగం. సిద్దిపేట అంతా క్రికెట్ ఆడుతుంటే డ్రిల్లు సారు మాట నమ్మి బేస్‌బాల్‌కు తగులుకున్నందుకు ఆమాత్రం నష్టం తప్పదు. జట్టు లెక్కలు నావే. ఒకడి హిట్లను, అంటే ఔట్ కాకుండా బేస్ చేర్చిన దెబ్బలను, వాడు బ్యాటు పట్టిన సార్లతో భాగిస్తే సగటు వస్తుందని, నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే మొదటి బేస్‌కు నడిచిపోతే ఆ సారి లెక్కలోకి రాదని ఎవరూ చెప్పకుండానే పట్టేశాను. ఆటలో మాత్రం ఆఖరి బ్యాటు నాది. సీజన్ మొత్తానికి బంతి నా బ్యాటుకు తగిలిన పాపాన పోలేదు.

ఆ ఏడు సగటులో మొదటివాడికి కప్పు అన్నారు. చివరి ఆట నాటికి అన్నయ్యవి నలభై సార్లకు పదహారు హిట్లు. మద్దూరు జట్టు లెఫ్టోడివి ముప్పై ఎనిమిదికి పదిహేను, వాడి ఆటలు అయిపోయాయి. అన్నయ్య బ్యాటు ముట్టకపోతే కప్పు మాది, ఒక్కసారి ఔటైతే వాడిది. పైగా అన్నయ్య బొటనవేలు వాచి ఉంది.

"అన్నా, గీ ఒక్కదినం కూసో. కప్పు నడుసుకుంట ఇంటికస్తది" అన్నాను. (అమెరికా పాత లీగుల్లో సగటు కాపాడుకోవడానికి చివరిరోజు బెంచీ దిగని మొనగాళ్లు ఉన్నారని తర్వాత చదివాను. నా సలహాకు అంత చరిత్ర ఉందని అప్పుడు తెలియదు.)

చివరి వంతులో స్కోరు సమం. ఒకడు ఔట్, మూడో బేస్ మీద మావాడు. అప్పటిదాకా బెంచీ మీదే ఉన్న అన్నయ్య, నాకు ముందుండే ఎనిమిదో వాడి బదులు లేచాడు. మూడు బంతులు దూరంగా పోయాయి. "ఇంకోటి ఇడిసిపెట్టన్నా, లెక్కల రాదు" అని అరిచాను. అన్నయ్య నావైపు ఒకసారి చూసి, బయటికి పోతున్న నాలుగో బంతిని వెతుక్కుంటూ వెళ్లి కొట్టాడు. దూరంగా ఉన్నవాడు క్యాచ్ పట్టాడు. ఈ ఆటలో క్యాచ్ పట్టాక కూడా పరుగెత్తొచ్చు కనుక, పట్టగానే మూడో బేస్‌వాడు పరుగెత్తి వచ్చేశాడు. గెలిచాం. అందరూ అన్నయ్యను ఎత్తుకుంటే నేను పదహారును నలభై ఒకటితో భాగిస్తూ కూర్చున్నాను.

"ఇడిసిపెడితే కప్పు నీదేనాయె గదన్నా."

"ఇడిసిపెడితే నా ఎనుక ఎవడు రావాలెరా?"

"నేనే."

"మరి?"

ఈమధ్య పాత లీగుల హిట్ల పట్టికలు తిరగేస్తుంటే తెలిసింది. క్యాచ్ పట్టినా దానితో పరుగు వస్తే, ఆ సారి కొట్టినవాడి సగటులో కలపరట. (ఈ నియమాన్ని వాళ్లే కొన్నాళ్లు తీసేసి మళ్లీ పెట్టుకున్నారు.) క్రికెట్ చూసి పెరిగిన మాకు క్యాచ్ అంటే ఔటే. రెండు జట్లలో ఒక్కడికీ అనుమానం రాలేదు. వెంటనే అన్నయ్య విత్తనాల దుకాణానికి పోయాను.

"అన్నా, ఆ ఏడు ఫస్టు నువ్వే."

అన్నయ్య తూకం మీంచి తలెత్తలేదు. "లెఫ్టోడు మొన్ననే తాత అయిండు. గిప్పుడు పొయ్యి కప్పు గుంజుకత్తవా? ఉండనియ్ తీ. పరుగు అచ్చిందా లేదా?"

వచ్చింది. బండి మీద ఇంటికి వస్తూ, ఈ వయసులో, ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నాకోసం కప్పును కాదన్నవాడు మా అన్న. నలభైకి పదహారు, పాయింటు నాలుగు సున్నా సున్నా. సిద్దిపేట ఆయనకు ఇంకా బాకీ ఉన్న అంకె అది.