కళ్ళు చెక్కని విగ్రహాలు

మా అమ్మాయి తీస్తున్న హారర్ సినిమా మొదటి సీనులో పోయినవి మూడు షాట్లు, వాటితోపాటు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్ళిన ఒక ఆదివారం. కాలేజీలో అడిగింది రెండు నిమిషాల సీను. ఏ షాటుకు ఎన్ని సెకన్లో లెక్క కట్టింది నేను. మనుషులకు దేన్ని చూస్తే భయమో నెలంతా అడిగి తెలుసుకుని, తను ఆళ్లగడ్డలో ఒక శిల్పి షెడ్డులోని, ఇంకా కళ్ళు చెక్కని దేవుడి విగ్రహాలను ఎంచుకుంది.

కెమెరా తీయగానే శిల్పి ఉలి ఆపాడు.

"ఏం తీస్తాండావ్ పాపా?"

"దయ్యాల సినిమా అన్నా."

"రేపు ఊరంతా మొక్కే దేవుణ్ణి ఈపొద్దు దయ్యం చేస్తావా? ఆడ పగిలిన రాళ్లుండాయి, వాటితో భయపెట్టుకో పో."

అమ్మాయి నవ్వి, కెమెరా సంచిలో పెట్టేసింది. వేరే ఏది తీసినా తనకే భయం వేయడం లేదట. రెండు నిమిషాల్లో ఆ మూడు షాట్ల ఇరవై రెండు సెకన్లు ఇప్పటికీ బాకీ.