ఆఖరి ఏడాది బండి

ఆమెను అందరూ బెల్టక్క అంటారు. సొంత పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, అంతే. పాత కారు కొనాలనుకునేవాళ్లు ఆమెను వెంటబెట్టుకుని వెళ్తారు. కార్లు చూసిపెట్టే మిగతావాళ్లు బానెట్ ఎత్తుతారు, టైర్లు తంతారు, ఇంజను చప్పుడు వింటూ తలలూపుతారు. ఈమె మాత్రం ముందు డ్రైవరు పక్క తలుపు తెరిచి సీటుబెల్టును చివరంటా బయటికి లాగుతుంది. దాని అడుగున కుట్టిన చిన్న పట్టీ మీద బెల్టు తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. కాగితాల్లో రాసేది బండి అమ్ముడైన ఏడాది. కొనేవాడు దొరక్క షెడ్డులో ఏడాదంతా దుమ్ము తిన్నా కాగితాలకు పట్టదు. బెల్టు దగ్గర ఆ పప్పులేమీ ఉడకవు. అది బండి పుట్టిన కాలం చెప్పేస్తుంది.

ఈమధ్య జనానికి బయటికి జీపులా, లోపల కారులా ఉండే క్రాసోవర్ల మీద మోజు ముదిరింది. అందులోనూ ఒక మోడల్ అంటే పడిచచ్చిపోతున్నారు. దాని గురించి బెల్టక్క చెప్పేది ఊరంతటికీ కంఠతా వచ్చు.

"కొత్త బాడీ వచ్చిన మొదటి ఏడాది బండి కొనకు బాబూ. కంపెనీవాళ్లు కొన్నవాళ్ల మీదే పని నేర్చుకుంటారు. ఆటోమేటిక్ గేర్ బాక్సు కొత్తగా పెట్టిన ఏడాది అసలే వద్దు, ఎత్తు ఎక్కమంటే ఆయాసపడుద్ది. ఆ తర్వాతి ఏడాది ఇంజను ఆయిలు తాగుద్ది, మనం నీళ్లు తాగినట్టు. మోడల్ మారిపోయే ముందు ఆఖరి ఏడాది ఉంది చూశావూ, అది కళ్లు మూసుకుని తీసుకో. అప్పటికి తిట్లన్నీ తిని బుద్ధి తెచ్చుకుని ఉంటారు."

ఇంతసేపు చెప్పేటప్పుడు కూడా ఆమె ఒకచోట నిలబడదు. బండి చుట్టూ తిరుగుతూనే చెబుతుంది. వినేవాడు కూడా వెంట తిరగాల్సిందే. ఇంట్లోనూ అదే వరస. కూర్చుని అన్నం తినడం ఆమెకు చేతకాదు, కంచం పట్టుకుని గదిలోంచి గదిలోకి నడుస్తుంది. దేవుడికి లెక్కలు సరిచేయడం సరదా కాబోలు, మొగుడిగా మాత్రం దర్జీని ఇచ్చాడు. ఆయన పొద్దున కుట్టుమిషను ముందు కూర్చున్నాడంటే అన్నానికి పిలిచేదాకా లేవడు. "మా ఇద్దరి నడకా మీ అమ్మే నడిచేస్తోంది, నాకు మిగల్చలేదు" అంటాడు కూతురితో.

ఆ కూతురికే ఉద్యోగం వచ్చింది. కొండ మీద వాతావరణ కేంద్రంలో. పైకి బస్సు పోదు. మెలికలు తిరిగిన రోడ్డు, సగం రోజులు మంచు. సొంత బండి ఉంటేనే ఉద్యోగమని వాళ్లు ముందే చెప్పారు. నెల తిరిగేలోపు చేరాలి. అక్కడే గది, అక్కడే కాపురం, ఎప్పుడన్నా సెలవు దొరికితే కిందికి రావడం.

"అమ్మా, నీలాంటిది ఇంట్లో ఉండగా నాకు బండి దొరకడం ఒక పనా!" అంది కూతురు ఎగిరి గంతేసి.

బెల్టక్క నవ్వింది. నవ్వుతూనే వంటగదిలోకి నడిచి, తుడిచిన గట్టునే మళ్లీ తుడిచింది. దాచడానికేముంది, ఆమెకు కూతుర్ని పంపడం ఇష్టం లేదు. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. ఏ మొహంతో అంటుంది? ఆడది కార్లు చూడటమేమిటని ఊరంతా నవ్విన రోజుల్లో ఒంటికాలి మీద లేచి అందరి నోళ్లూ మూయించిన మనిషి. పిల్లకు సైకిలు నేర్పింది తనే, స్కూటరు నేర్పింది తనే, ఎవరికీ భయపడకని నూరిపోసిందీ తనే.

మొదట చూసిన బండి బెల్టు లాగితే మొదటి ఏడాదిది. "వద్దు" అంది. రెండోది గేర్ బాక్సు మారిన ఏడాదిది. "కొండ ఎక్కదు, వద్దు." ఇంకొకటి ఆయిలు తాగే రకం. అన్నీ నిజాలే. కానీ వంక దొరికిన ప్రతిసారీ ఆమెకు లోపల ఎంత హాయిగా ఉందో, ఆ హాయికి ఎంత సిగ్గేసిందో ఎవరితో చెప్పుకుంటుంది? కాలుగాలిన పిల్లిలా పాత కార్లు అమ్మే యార్డులన్నీ తిరుగుతూ, మంచి బండి దొరక్కూడదని వెతికింది.

దొరికింది. పాత కార్ల యార్డులో ఒక మూల, నీడ పట్టున. బూడిదరంగు బండి. ఒక డ్రాయింగు మాస్టారిది. ఆయనకు చూపు మందగించింది, ఇక నడపలేనని అమ్మకానికి పెట్టాడు. బెల్టక్క బెల్టు లాగింది. ఆఖరి ఏడాది. వెనక సీటు బెల్టులు కూడా లాగింది. అవీ ఆఖరి ఏడాదివే. బానెట్ కింద తేమ లేదు, చుక్క కారిన మచ్చ లేదు. యార్డు వెనకున్న ఎత్తు మీదికి ఎక్కించింది. వెన్నలో కత్తి దిగినట్టు ఎక్కింది. ఇన్నేళ్ల పనిలో ఇంత శుభ్రంగా పెట్టుకున్న బండిని ఆమె చూడలేదు.

కిందికి దిగేసరికి కూతురు రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉంది. కళ్లు మెరిసిపోతున్నాయి. పక్కన యార్డు ఓనరు, ఇద్దరు బ్రోకర్లు, టీలు తెచ్చినతను.

"ఏమ్మా, ఇదేగా?"

బెల్టక్క బండి తాళం ఓనరు చేతిలో పెట్టేసింది. "కాదు" అంది.

"అదేంటమ్మా? ఆఖరి ఏడాదిదే కదా?"

"ఆఖరి ఏడాదిదే. అందుకే వద్దంటున్నా. మోడల్ ఆపేస్తున్నాం కదా అని, పాత గేర్ బాక్సులు మిగిలిపోయినవన్నీ ఈ బండ్లకే తగిలించి వదిలించుకున్నారు. ఈమధ్యే తెలిసింది నాకు. పైకి తెలీదు. కొండ మీద ఒకరోజు చేతులెత్తేస్తుంది."

అబద్ధం ఇంత నున్నగా వస్తుందని ఆమెకే తెలియదు. కూతురి మొహం వాడిపోయింది. అయినా స్కూటరు వైపు నడిచింది. అమ్మ బండి గురించి చెబితే అది చెప్పినట్టే.

ఆ సాయంత్రం దర్జీ కాలరుకు దారం తెంపుతూ తలెత్తకుండా అడిగాడు. "నిజంగా ఆ బండి బాగాలేదా?"

"బండి విషయంలో నేనెప్పుడన్నా అబద్ధం చెప్పానా?"

"లేదు. అందుకే అడుగుతున్నా."

ఆమె ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లింది. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా తెచ్చేసింది.

మాటకు కాళ్లు రావడమంటే ఏమిటో ఆ వారంలో ఆమెకు తెలిసొచ్చింది. పక్క వీధి మందుల షాపు అతను ఆపి, "అక్కా, ఆఖరి ఏడాది బండ్లు ముట్టుకోకూడదటగా? మా బావమరిది అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాడు" అన్నాడు. ఇంకో యార్డుకు వెళితే అక్కడి కుర్రాడొకడు ఎవరికో ఆమె మాటే, ఆమె గొంతుతోనే చెబుతున్నాడు: "పాత గేర్ బాక్సులు తగిలించారు సార్, పైకి తెలీదు." దానికి చిలవలు పలవలు కూడా పుట్టాయి. ఎక్కడో ఒక బండి లోయ అంచున ఆగిపోయిందట, చూసినవాళ్లున్నారట. తను అల్లిన అబద్ధానికి ఊరు సాక్ష్యాలు కూడా సమకూర్చింది. బెల్టక్క నీళ్లు నమిలి బయటపడింది. రాత్రి కన్ను మూస్తే ఒట్టు.

ఇంట్లో కూతురు పెట్టె సర్దుతూ తీస్తూ ఉంది. "ఏదో ఒకటి చూడమ్మా, రోజులు అయిపోతున్నాయ్" అని అడగడం మానేసి, మొన్న చూసిన ఆయిలు తాగే బండినే మళ్లీ వెళ్లి చూసొచ్చింది. "ఆఖరి ఏడాది కంటే అదే నయం కదా? ఆయిలు పోసుకుంటూ తిరుగుతాలే" అంది. పిల్లను కొండ ఎక్కకుండా ఆపాలనుకుంటే, మంచి బండి వద్దని పాడు బండి ఎక్కిస్తోంది తను.

అప్పుడే ఫోను మోగింది. డ్రాయింగు మాస్టారు.

"అమ్మా, మీరు నా బండి చూశారట. ఎవరూ రావడం లేదు. పోనీలెండి, మీరు చెప్పారంటే లోపం ఉండే ఉంటుంది. నాకే తెలియకుండా ఇన్నాళ్లూ మనవరాళ్లను ఎక్కించుకుని తిరిగాను, తలుచుకుంటేనే భయమేస్తోంది. అందుకని మెకానిక్కు ఇచ్చేశాను. ఇవాళ గేర్ బాక్సు కిందికి దింపి విప్పుతారు. ఏ భాగం పాడయిందో మీరొక్క మాట చెబితే వాళ్లకు తేలికవుతుంది."

నిక్షేపంలాంటి గేర్ బాక్సు. విప్పితే మళ్లీ కంపెనీ బిగింపు రాదు. లేని రోగానికి కోత కోసి నిజంగానే రోగం తెచ్చిపెడతారు.

"ఆపమనండి మాస్టారూ!" అని అరిచింది. ఆయన ఇంట్లో ఉన్నాడు, మెకానిక్కు షెడ్డులో ఎవరూ ఫోను ఎత్తడం లేదట. ఆమె స్కూటరు తాళం కోసం వెతికింది. చేతిలోనే ఉంది. తాళాన్ని తలకిందులుగా పెట్టి తిప్పబోయింది.

"జరుగమ్మా, నేను నడుపుతా" అని కూతురు లాక్కుంది. "ఏమైంది?"

"ముందు పద. చెబుతా."

దారంతా చెబుతాననుకుంటూనే చెప్పలేదు. కూతురి భుజం పట్టుకుని కూర్చుంది. కూర్చోవడం అంత కష్టమని ఆ రోజే తెలిసింది.

షెడ్డులో బూడిదరంగు బండి లిఫ్టు మీద ఉంది. కింద ఆయిలు పట్టడానికి పళ్లెం పెట్టారు. మెకానిక్కు బోల్టుకు పానా తగిలించాడు. యార్డు ఓనరు స్టూలు మీద కూర్చుని చోద్యం చూస్తున్నాడు.

"ఆగు! తిప్పకు!"

"అక్కా, మంచి టైముకు వచ్చావ్. ఏ పక్కనుంచి విప్పమంటావ్?"

"ఏ పక్కనుంచీ వద్దు. దానికి ఏమీ లేదు."

"పాత గేర్ బాక్సు అన్నావుగా?"

"అబద్ధం చెప్పాను."

యార్డు ఓనరు స్టూలు మీంచి లేచాడు. "అక్కా, నీ మాట పట్టుకుని నేను ఇద్దరిని వెనక్కి పంపాను. నువ్వు అబద్ధం చెప్పడమేంటి? ఎవరన్నా చెప్పమన్నారా?"

"ఎవరూ చెప్పమనలేదు." ఆమె ఓనరు వైపు చూడలేదు. కూతురి వైపు తిరిగింది. "అది చాలా మంచి బండే. నేను చూసినవాటిలో దీన్ని మించింది లేదు. అది నీకు దొరికితే నువ్వు వెళ్లిపోతావని చెప్పాను. నువ్వు పోతే ఆ ఇంట్లో నేను ఎవరికోసం తిరగాలే? నాకు భయమేసింది."

తల కొట్టేసినట్టయింది ఆమెకు.

"ఆ మాట ఇంట్లో చెప్పొచ్చుగా?" అంది కూతురు. గొంతులో కోపం అలాగే ఉంది. "వద్దు వెళ్లకు అని ఒక్కసారి అనుంటే, నీతో పోట్లాడి వెళ్లేదాన్ని. బండిమీద నెట్టావేంటమ్మా? నేను ఎవరి మాటా నమ్మకుండా నీ మాట నమ్మేది ఒక్క బండ్ల విషయంలోనే."

ఆ ఒక్కమాట బెల్టక్కకు గుచ్చుకుంది. మెకానిక్కు పానా పక్కనపెట్టి బండిని మెల్లగా కిందికి దింపాడు.

తర్వాతి రోజులు ఆమె కాళ్లకు నిజంగా పని పడింది. మాట ఎక్కడెక్కడికి పోయిందో అక్కడికల్లా వెళ్లి, "నేను చెప్పింది అబద్ధం, ఆఖరి ఏడాది బండి బంగారం" అని తన నోటితోనే చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు, "ఇప్పుడు చెప్పేది నిజమని ఏంటి నమ్మకం?" అన్నారు. ఆమె తర్వాతి గుమ్మానికి నడిచింది. మందుల షాపు అతని బావమరిది ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు. డ్రాయింగు మాస్టారు మాత్రం అంతా విని, "మనవరాళ్లకేం కాలేదుగా, అది చాలు" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కూతురు ఆ బండినే కొంది. వెళ్లేరోజు పొద్దున అమ్మతో ఇంకా ముక్తసరిగానే ఉంది. దర్జీ తను కుట్టిన కొత్త సీటు కవర్లు బండికి తొడిగాడు. జీవితంలో మొదటిసారి మిషను వదిలి వీధి చివరిదాకా నడిచాడు. కూతురు సీట్లో కూర్చుని బెల్టు లాగింది. చివరంటా లాగి, అడుగున పట్టీ చూసి, అప్పుడు పెట్టుకుంది. ఆ తర్వాత అమ్మ వంక చూసింది. నవ్వలేదు గానీ, చూసింది.

బండి మలుపు తిరిగాక బెల్టక్క అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. దర్జీ పక్కన నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ల కాపురంలో ఇలా తారుమారు కావడం అదే మొదలు.

చాలా రోజులు ఆమెను ఎవరూ పిలవలేదు. కాలు నిలవక ఉత్తినే యార్డుల ముందు నుంచి పోయొచ్చేది. పొద్దునా సాయంత్రం కూతురు ఫోను చేసిందా లేదా అని చూసుకోవడం, కొండవైపు మబ్బు పట్టిందా అని మిద్దె ఎక్కి చూడటం. ఒకరోజు కొత్తగా పెళ్లయిన జంట గుమ్మం ముందు నిలబడ్డారు. భార్య చేతిలో ఫోనులో బండి ఫొటో ఉంది.

"అక్కా, ఇది ఆఖరి ఏడాది బండి. కొందరు మంచిదంటారు, కొందరు కాదంటారు. మీరు కూడా ఒకసారి వద్దన్నారట" అన్నాడు అతను సందేహిస్తూ. "నిజం చెప్పండి. కొనొచ్చా?"

బెల్టక్క చెప్పులు వేసుకుంది.

"కొనొచ్చు బాబూ" అంది. "మా అమ్మాయి వెళ్లిపోయింది అందులోనే."