గార్డు రాళ్లకు వెలుపల

1936 జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు బదిలీ చేశారు. హోదా ఓవర్సీరు. అదీ ఇంకా ఖాయం కాని ఓవర్సీరు. రెండేళ్ల ప్రొబేషన్‌లో ఏడాదిన్నర గడిచింది, డిసెంబరు ఆఖరుకు పూర్తవుతుంది. ఏ ఆఫీసులో పనిచేశానో ఇక్కడ రాయడం లేదు. జరిగిన తప్పు నాది, ఆఫీసు పేరు దాని పక్కన ఉండటం నాకిష్టం లేదు.

నాకు అప్పజెప్పింది చాలా చిన్న పని. కాలువ వంతెన దిగిన దగ్గర నుంచి బజారు మొదటి దాకా ఉన్న రోడ్డు ముక్క, రెండు ఫర్లాంగులకు మించదు. ఆ వేసవిలో అక్కడ బస్సు తగిలి ఒక కొల్లేటి ముసలామె చేపల గంపతో సహా పడిపోయింది. ప్రాణం దక్కింది గాని మళ్లీ గంప ఎత్తలేకపోయింది. దాంతో పైనుంచి ఉత్తరువు వచ్చింది: కోతలై ధాన్యం బండ్లు ఊళ్లోకి దిగేలోగా నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ ఆ దారి క్షేమంగా ఉండాలి.

ఆ రోడ్డులోని చిక్కు చెప్పాలి. మధ్యలో కంకర పరిచి రోలరు తొక్కించిన భాగం. దానికి అటూ ఇటూ మట్టి అంచు, మా వాడుకలో బెర్ము. బెర్ములు మనుషులు నడవడానికని ఇంజనీర్లు అనుకుంటారు. ఎడ్లు అలా అనుకోవు. కంకర మీద గిట్టలు అరుగుతాయి, మట్టి మెత్తగా ఉంటుంది, అందుచేత బండ్లన్నీ బెర్ముల మీదికే దిగేవి. బండి అక్కడ నడిస్తే మనిషి కంకర మీదికి ఎక్కాల్సిందే. కంకర మీద బస్సు వస్తుంది. గంపల ఆడవాళ్లు, సైకిళ్ల మీద జూట్ మిల్లుకు పోయే గుమాస్తాలు, బడి పిల్లలు అందరూ ఎద్దు కొమ్ముకూ బస్సు హారనుకూ మధ్య నలిగేవాళ్లు.

నేను చేరిన వారంలోనే రూతమ్మ గారు ఆఫీసుకు వచ్చారు. ఆవిడ మిషన్ బడి పంతులమ్మ. కాలువ అవతలి పేట పిల్లల్ని రోజూ వరసలో వంతెన దాటించి బడికి తీసుకువచ్చేవారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“పేటలో బయల్దేరేప్పుడు ముప్ఫై తలలు లెక్కపెట్టుకుంటానండి. బడి గుమ్మంలో మళ్లీ లెక్కపెడతానండి. ఆ మధ్యలో నా ప్రాణం నా దగ్గర ఉండదండి,” అన్నారు.

ఆ రోజు నుంచి ఆ లెక్క నాకూ పట్టుకుంది. వంతెన మీద నిలబడితే ఆవిడ వరసలో ఎందరున్నారో తెలియకుండానే లెక్కపెట్టేవాణ్ణి.

నా ప్లాను ఇది. రోడ్డుకు రెండు పక్కలా, దుకాణాల అరుగుల నుంచి అయిదడుగులు వదిలి, మోకాలి ఎత్తు రాళ్లు వరసగా పాతించాలి. వీటిని గార్డు రాళ్లంటారు. మామూలుగా కాలువ గట్ల మీద బండి నీళ్లలోకి జారకుండా వేస్తారు. ఇక్కడ బండి మనుషుల మీదికి రాకుండా వేద్దామన్నాను. రాళ్లకూ అరుగులకూ మధ్య మనుషులూ సైకిళ్లూ, రాళ్లకు వెలుపల కంకర మీద బండ్లూ బస్సులూ. ఇంజనీరు గారు ప్లాను అటూ ఇటూ తిప్పి చూసి, ఎడ్లు ఒప్పుకుంటాయా అని మాత్రం అడిగారు. లాడాలు కొట్టించుకోమని చెబుదామన్నాను. సంతకం పెట్టారు.

నవంబరు చివరికి రాళ్లు పాతడం పూర్తయింది. సున్నం కొట్టించాం. ఇక మిగిలింది ప్రకటన. దాన్ని నేనే రాశాను. నాకు కాస్త భాష వచ్చునన్న గీర ఉండేది, దాచడం దేనికి. “శకటములను గార్డు రాళ్లకు వెలుపలనే నడుపవలయును. పాదచారులును, సైకిలు నడుపువారును రాళ్లకు లోపలనే పోవలయును.” బోర్డు మీద రాయిస్తుంటే రూతమ్మ గారు ఆగి చదివారు.

“బాగుందండి. బండోళ్లకి బోధపడుతుందంటారా?” అన్నారు.

బండ్లవాళ్ల వాక్యంలో శకటములు అన్న మాట తప్ప మిగతావన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటలేనన్నాను. ఆ మాట ఒక్కటీ మార్చి టముకు వేయిస్తానని కూడా చెప్పాను. ఆవిడ తల ఊపి వెళ్లిపోయారు.

టముకు అంటే డప్పు కొట్టి చాటింపు వేయడం. అందుకు మా దగ్గర పోలయ్య అని ఒక మనిషి ఉండేవాడు. చదువు రాదు గాని రెండుసార్లు వింటే మాట పోనిచ్చేవాడు కాదు. ప్రకటన చదివి వినిపించి, శకటములు అనకు, బండ్లు అను అని చెప్పాను. వాడు కొల్లేటి వైపు ఊళ్లన్నీ తిరిగి వచ్చాడు. చాటింపు జరిగినట్టు ఊరికి ఇద్దరి చేత కాగితం మీద వేలిముద్రలు వేయించుకురావాలి, అది నిబంధన. అన్ని ఊళ్ల వేలిముద్రలూ వచ్చాయి. కాగితాలు ఫైలుకు కుట్టి, పని అయిందనుకున్నాను.

అయినా మనసు నిలకడగా లేదు. ధాన్యం బండ్లు మొదలయ్యే రోజు పొద్దున్నే వంతెన మీదికి పోయి నిలబడ్డాను. ధనుర్మాసం. కొల్లేటి మీద నుంచి వచ్చే మంచు కాలువను కప్పేసింది. ముందు ఎడ్ల మెడగంటలు వినిపించాయి, తర్వాత బండ్లు కనిపించాయి. ఒకదాని వెనుక ఒకటిగా, పదో పన్నెండో ఉంటాయి. అంత క్రమంగా బండ్లు నడవడం నేను అంతకు ముందు చూడలేదు. ఒక్కటి కూడా బెర్ము మీదికి దిగలేదు. అన్నీ కంకర మీదే ఉన్నాయి.

అన్నీ కుడి పక్కనే ఉన్నాయి.

మొదట అది మొండితనమనుకున్నాను. ఇన్నాళ్లూ ఏ బెర్ము మెత్తగా ఉంటే ఆ బెర్ము మీద నడిపినవాళ్లు, ఇవాళ కంకర ఎక్కమనేసరికి కావాలని ఎదురు పక్కన నడుపుతున్నారనుకున్నాను. చెయ్యి ఊపుతూ “ఎడమకి, ఎడమకి” అని అరిచాను. ముందు బండిలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నన్ను చూసి తల వంచి దణ్ణం పెట్టాడు. మెడగంటల చప్పుడులో నా మాట అందలేదు, ఓవర్సీరు గారు కంగారు పడుతున్నారని కాబోలు, ఎడ్లను ఇంకాస్త కుడికే జరిపాడు.

అదే సమయానికి బజారు నుంచి బస్సు బయల్దేరింది. అది వచ్చేది తన ఎడమ పక్కన, అంటే ఎదురొచ్చే బండ్లకు కుడి పక్కన. ఆ పక్కనే గార్డు రాళ్ల లోపల రూతమ్మ గారి వరస వస్తోంది. దాని వెనకాలే రహమాన్ గారు సైకిలు మీద మెల్లగా వస్తున్నారు. ఆయన మిల్లులో టైము కీపరు, తివాచీలు నేసే కుటుంబం వారు. పిల్లలు ముందు నడుస్తుంటే బెల్లు కొట్టకుండా వెనకాలే వచ్చే మనిషి.

నేను వంతెన దిగుతూ పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో తెలియదు, నేను చేరేలోగా అయ్యేది అయిపోతుందని తెలుస్తూనే ఉంది. మంచులో ఎడ్లు ఎదురుగా కనబడేసరికి డ్రైవరు బస్సును పక్కకు తిప్పాడు. ముందు చక్రం ఒక రాయిని ఎక్కి దాన్ని పడదోసింది, రెండో రాయికి తగిలి ఆగిపోయింది. రూతమ్మ గారు పిల్లల్ని అరుగు మీదికి తోసేశారు. పడిన రాయి, సైకిలు, రహమాన్ గారి కాలు ఒక్కచోట ఉన్నాయి. రూతమ్మ గారు గట్టిగా ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నారు. ముప్ఫై అనేదాకా ఆవిడతో పాటు నేనూ లెక్కపెట్టాను.

రహమాన్ గారి కాలు రెండు చోట్ల విరిగింది. కానిస్టేబుళ్లు ముందు బండి పెద్దాయన్ని స్టేషనుకు తీసుకుపోయారు. పేరు వీరన్న, కొల్లేటి గట్టున ఒక ఊరు. ఎడ్లను బందెలదొడ్డికి తోలారు. కోతల రోజుల్లో రైతు ఎడ్లు బందెలదొడ్డిలో ఉంటే కుప్ప పొలంలోనే ఉంటుంది, వాన పడితే అక్కడే మొలకెత్తుతుంది. ఆ మధ్యాహ్నం ఇంజనీరు గారు నన్ను పిలిచి, సాయంత్రంలోగా రిపోర్టు ఇవ్వమన్నారు. కారణం గడిలో ఏం రాయాలో ఆయన చెప్పలేదు గాని, బండివాడి నిర్లక్ష్యం సంగతి అందరికీ తెలిసిందేగా అన్నారు.

రిపోర్టుకు వాంగ్మూలం కావాలి గనుక స్టేషనుకు వెళ్లాను. వీరన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు. కుడి పక్కన ఎందుకు నడిపావని కాస్త కోపంగానే అడిగాను.

“తమరు చెప్పించినట్టే తోలానండి. ఎలపల తోలమన్నారు గదండీ. ఊరందరం అలాగే తోలామండి,” అన్నాడు.

ఎలపల అంటే ఏమిటి అని అడిగాను. ఆ ప్రశ్న వాడికి వింతగా తోచింది. గాలిలో కాడి పట్టుకున్నట్టు రెండు చేతులూ చాచి, కుడి చెయ్యి కదిపి చూపించాడు.

“ఇదండి ఎలపటెద్దు. ఇదేమో దాపటెద్దండి. ఎలపల అంటే ఇటేనండి.”

బండి తోలేవాళ్లు కుడి ఎడమలు అనుకోరు, ఎడ్లతో చెప్పుకుంటారు. కుడి ఎద్దు వైపు ఎలపల, ఎడమ ఎద్దు వైపు దాపల. నేను కాగితం మీద రాసిన వెలుపల పోలయ్య నోట ఎలపల అయింది. ఆ ప్రాంతంలో ఎవరి నోటైనా అలాగే అవుతుంది, మా అమ్మ కూడా అలాగే అనేది. ఊళ్లోనైతే రాళ్లు కంటికి కనిపిస్తాయి, దేనికి వెలుపలో తెలుస్తుంది. కొల్లేటి గట్టు మీద చాటింపు వినేవాళ్లకు ఈ రాళ్లెక్కడ కనిపిస్తాయి? శకటములు అన్న మాటకు భయపడి మార్పించాను. ప్రమాదమంతా ఇంట్లో మాట్లాడుకునే మాటలోనే ఉంది.

స్టేషను నుంచి ఆఫీసుకు పది నిమిషాల దారి. ఆ రోజు గంట పట్టింది. ప్రొబేషన్ ముగియడానికి రెండు వారాలుంది. ఇంట్లో అందరూ నా ఉద్యోగం మీదే ఉన్నారు. కారణం గడిలో నిర్లక్ష్యం అని ఒక్క మాట రాస్తే ఎవరూ ప్రశ్నించరు. పోలయ్య తప్పుగా చాటాడని రాసినా చెల్లుతుంది. ఈ రెండూ నేను నిజంగానే ఆలోచించాను. పెద్దమనిషిలా మొదటే ధైర్యం తెచ్చుకున్నానని ఇప్పుడు రాసుకోవడం అబద్ధం.

ఆఫీసు మెట్ల మీద రూతమ్మ గారు నిలబడి ఉన్నారు. చీర కొంగుకు ఇంకా మట్టి ఉంది.

“రేపు పిల్లల్ని ఆ దారినే తీసుకురమ్మంటారాండీ?” అని మాత్రం అడిగారు.

వీరన్న స్టేషనులో ఉన్నా మిగిలిన బండ్లు రేపు కూడా ఎలపలే వస్తాయి. తప్పు ఎక్కడుందో చెప్పకుండా దాన్ని దిద్దే మార్గం లేదు. వద్దండి, రెండు రోజులు ఇంటి దగ్గరే ఉంచండి అన్నాను. లోపలికి వెళ్లి కారణం గడిలో రాశాను: ప్రకటనలో వాడిన మాట బండ్లవారి వాడుకలో కుడి పక్క అని అర్థమిచ్చును. వ్రాసినది నేను.

నా సంజాయిషీ తీసుకున్నారు. సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఒక వాక్యం పడింది, ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. వీరన్నను మూడో రోజున వదిలారు, ఎడ్లనూ ఇచ్చేశారు. వెళ్లేముందు వాణ్ణి ఆఫీసుకు పిలిపించి, ఎడమ పక్కన కంకర మీద నడపాలంటే మీ ఊళ్లో ఏమని చెప్పాలి అని అడిగాను.

“దాపల తోలండి, రాయి దాటి మట్టిలోకి దిగకండి అంటే సరిపోద్దండి,” అన్నాడు.

అదే కొత్త ప్రకటన. ఈసారి పోలయ్యతో పాటు నేనూ ఊరూరా తిరిగాను. చాటింపు అయ్యాక వేలిముద్రలకు ముందు, ఎటు తోలతారో చెయ్యి చూపించండి అని అడిగాను. ఒక ఊళ్లో మొదట నవ్వారు, తర్వాత చూపించారు. ఆ కోతల కాలంలో ఆ రెండు ఫర్లాంగుల్లో మళ్లీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. రూతమ్మ గారు పిల్లల్ని లెక్కపెట్టడం మాత్రం మానలేదు.

రహమాన్ గారు నాలుగు నెలలకు చేతికర్ర పట్టుకుని నడిచారు. సైకిలు మళ్లీ ఎక్కలేదు. తప్పెవరిదో నేనే వాళ్లింటికి వెళ్లి చెప్పాను. ఆయన విని, టీ ఇప్పించి, రాళ్లు మంచి పనేనండి అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఇంకో ఇరవై నాలుగేళ్లు సర్వీసు చేశాను. ఏ ప్రకటననైనా సంతకానికి పంపే ముందు, దాన్ని పాటించవలసిన మనిషినొకణ్ణి పిలిచి చదివి వినిపించి, నువ్వేం చేస్తావో చేసి చూపించు అనేవాణ్ణి. ఇది ఏ మాన్యువల్లోనూ లేదు. వేలిముద్రలు ప్రకటన విన్నారని రుజువు చేస్తాయి, అంతవరకే. ఆ వేలిముద్రల కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. రహమాన్ గారి కాలు విరిగిన రోజున కూడా ఫైలులో ఒక్క లోపం లేదు.