చివరి ముక్క ఆవిడ దగ్గరే ఉండేది

అవునండీ, బాగానే ఉంటుంది. చదువు సగంలో మానేసినవాడికి సగం పుస్తకం బాగానే ఉంటుందిలే అని నిన్న అందరి ముందూ అన్నారు కదా లెక్చరర్ గారూ, ఆ మాటకే ఈ జవాబు. నిన్న జరిగింది మా నర్సమ్మ గారి ఆదరణ కూడిక, ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన. పాస్టరు గారు ఇంకా వెళ్ళలేదు, ఆవిడ కుర్చీ ఇంకా వరండాలోంచి తియ్యలేదు. ఆ కుర్చీ ముందు గొంతు పెంచడం నా వల్ల కాలేదు.

మిగతావాళ్ళకి చెబుతున్నాను. మా నర్సమ్మ గారు పోయారు. ఆదివారం గుడికి వెళ్ళడానికి తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని అలాగే పోయారు. నాకు ఆవిడ మీద కూడా కోపంగానే ఉంది. కథ మధ్యలో ఎవరైనా లేచి వెళ్తే ఊరుకునే మనిషి కాదు. తను మాత్రం వెళ్ళిపోయారు.

ఆవిడ జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేద్దామని, తలా ఒక కాగితం రాసివ్వమని లెక్చరర్ గారే అడిగారు. నా కాగితం ఇదే. వేస్తే వెయ్యండి, లేకపోతే లేదు.

ఆవిడ ఏలూరు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కొల్లేటి ఒడ్డున మా ఊరొచ్చి స్థిరపడ్డారు. నెలకోసారి ఏలూరు, ఓపికుంటే తాడేపల్లిగూడెం వెళ్ళి, పాత పుస్తకాలమ్మే చోట్లన్నీ తిరిగి గుడ్డసంచీ నిండా మోసుకొచ్చేవారు. ఆ సాయంత్రం వరండాలో మేమంతా పోగయ్యేవాళ్ళం. కొత్తగా వచ్చిన పుస్తకం ముందు అందరి చేతుల్లోనూ తిరగాలి. ఒకళ్ళు అట్ట చూసేవాళ్ళు, ఒకళ్ళు వాసన చూసేవాళ్ళు, ఒకళ్ళు మొదటి పేజీ మీద పాత యజమాని పేరు చదివి ఆయన ఇది ఎందుకమ్మేశాడో అని జాలిపడేవాళ్ళు. ఆవిడ మొదటి పేజీ పైకి చదివి, కళ్ళజోడు తీసి, ఎవరెవరికి కావాలని అడిగేవారు. నలుగురైదుగురు చేతులెత్తితే లోపలికెళ్ళి బ్లేడు తెచ్చేవారు.

అవును, బ్లేడే. అట్ట ఊడదీసి, కుట్టు విప్పి, లావుపాటి నవలని ఐదు ముక్కలు చేసేవారు. ఒక్కో ముక్కనీ మళ్ళీ విడిగా కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, ఎర్ర పెన్నుతో నంబరు రాసేవారు. ఒకటో ముక్క అయినవాడు దాన్ని వెనకవాడికిచ్చి రెండోది అందుకోవాలి. అలా ఒకే పుస్తకాన్ని ఒకే వారంలో ఐదిళ్ళలో చదివేవాళ్ళం.

మొదటిసారి చూసినప్పుడు నేనూ మీలాగే అడ్డుపడ్డాను లెక్చరర్ గారూ. పాపమండీ, అంత మంచి పుస్తకమండీ అన్నాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అన్నారు.

"ఒకడు చదువుతుంటే నలుగురు చేతులు కట్టుకు కూర్చోవాలా? కోసింది నేను, కుట్టేది నేను. మధ్యలో నీకేంట్రా నొప్పి?"

లైబ్రరీ పుస్తకం మీద మాత్రం బ్లేడు పడనిచ్చేవారు కాదు. ఏలూరు లైబ్రరీలో ఏ మూల అరలోనో ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని పుస్తకం దొరికితే ఆవిడ మొహం చూడాలి. చేపపిల్లలు తెచ్చే మందపాటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చేవారు. "ఇది పరాయివాళ్ళ పిల్ల. ఒంటి మీద గీటు పడకుండా పంపాలి" అని, గడువు లోపల వరండాలో తనే పైకి చదివి వినిపించేవారు.

నేను తొమ్మిదిలో బడి మానేశాను. ఒకచోట కుదురుగా కూర్చోలేనివాణ్ణి. ఏలూరు నుంచి చెరువుల మీదికి ఐసు తోలే ట్రాలీ ఆటో నాది. లావు పుస్తకం చూపించి చదవరా అంటే అప్పుడే పారిపోయేవాణ్ణి. ముక్క అయితే సీటు కింద పడుండేది. గట్టు మీద వలలు పైకొచ్చేదాకా ఆగాలి కదా, అప్పుడు తీసేవాణ్ణి. ఎన్ని పుస్తకాలు అలా అయిపోయాయో.

చివరి ముక్క సంగతి వేరు. అది తిరిగేది కాదు. ఆవిడ తలగడ కిందే ఉండేది. కావాలంటే వెళ్ళి ఆ కుర్చీ ముందు కూర్చోవాలి. ఇక ఏమవుతుందనుకుంటున్నావో చెప్పాలి. తప్పయినా పర్లేదు. తెలీదండీ అన్నామా, ఇన్ని పేజీలు చదివావా ఈగలు తోలావా అని వెనక్కి పంపేసేవారు. బడిలో నేనేం గుర్తుపెట్టుకున్నానని అడిగారు. నేనేమనుకుంటున్నానని అడిగిన మొదటి మనిషి ఆవిడే. నేను ఏదో ఒకటి చెప్పి, ఆవిడ కాదంటే ఎందుకు కాదని పోట్లాడేవాణ్ణి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

లెక్చరర్ గారూ, మీకూ ఆ కుర్చీ తెలుసు. వట్లూరు నుంచి బస్సెక్కి వచ్చేవారు. ఒకసారి మీరు, మూడో ముక్కలో తమ్ముడు చచ్చిపోతాడని ఒకటో ముక్కలో ఉన్నవాళ్ళకి చెప్పేశారు. ఆవిడ మీకు చివరి ముక్క ఆపేశారు. "ఏవండీ సిస్టర్ గారూ, పొరపాటైపోయిందండీ" అని అరటిపళ్ళు పట్టుకొచ్చారు. ఆవిడ అందరికీ తలో పండూ పంచి, మీకు మజ్జిగిచ్చి, ముక్క ఇవ్వకుండా బస్సెక్కించారు. మీరే నవ్వుకుంటూ వెళ్ళారు.

అలా తిప్పితే ముక్కలు పోతాయని నిన్న మీరన్నారు. పోయాయి, ఒప్పుకుంటాను. కొల్లేట్లో ప్రభుత్వం వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, పని పోయిన కుటుంబం ఒకటి చింతలపూడి వైపు పామాయిల్ తోటల్లోకి వలసపోయింది. వాళ్ళతో ఒక రెండో ముక్క పోయింది. చాలా నెలలకి ఎవరో పెళ్ళికొచ్చినవాళ్ళ చేత దాన్ని వెనక్కి పంపి, మూడోది ఇచ్చి పంపమన్నారు. ఇంకో పుస్తకంలో ముక్క కొల్లేట్లో పడిపోయింది, అది రాలేదు. అక్కడి కథ నర్సమ్మ గారు నోటితో చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ కాస్త మారేది.

నిన్న కూడిక అయ్యాక ఆవిడ కూతురు తలగడ కింద దొరికిందని ఒక ఐదో ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు తిరుగుతున్న నవలది. మీరు వెంటనే చెయ్యి చాపారు. ముక్కలన్నీ పోగుచేసి, ఏలూరులో బైండు చేయించి, ఆవిడ పేర అద్దాల బీరువాలో పెడదామన్నారు. అంటుంటే మీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను. తాళం ఎవరి దగ్గరుంటుందని అడిగితే మీ దగ్గరే అన్నారు. చెరువు గట్టు మీద గుడిసెలో కాపలా ఉండే అక్క నాలుగో ముక్కలో ఉందండీ, ఆవిడ ఎలా చదువుతుందని అడిగాను. బైండయ్యాక ఇక్కడికొచ్చి కూర్చుని చదువుకోమన్నారు. ఇవ్వనన్నాను. అప్పుడే మీరు ఆ సగం చదువు మాట అన్నారు.

అక్కకి చెరువు వదిలి రావడం కుదరదండీ. అక్కకి కుదరదనే కదా, చివరి ముక్క సమయానికి నర్సమ్మ గారే నా ట్రాలీ ఎక్కేవారు. ఆ వయసులో నా సీటు అంచున సర్దుకుని, వెనక నుంచి ఐసు నీళ్ళు కారుతుంటే చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, ముక్కని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని గట్టు మీదికొచ్చేవారు. అక్కడ గుడిసె ముందు నిలబడి అడిగేవారు, "ఏమవుతుందనుకుంటున్నావమ్మా?" అని. అది ఏ బీరువాలో పెడతారు మీరు?

అక్క నాలుగో ముక్క అయిపోయిందని కబురు చేసింది. నర్సమ్మ గారు పోయారని అక్కకి తెలుసో లేదో నాకు తెలీదు. ఆటో చప్పుడు వినగానే గట్టు చివరికొస్తుంది. ముందు నా పక్కన సీటు అంచు వైపే చూస్తుంది.

మీరు మూడో ముక్కలో ఉన్నారు. మీ వంతు వచ్చినప్పుడు ఐదోది నేనే వట్లూరు తెస్తాను. మీ గేటు ముందు నిలబడి ఏమవుతుందనుకుంటున్నారని అడుగుతాను. తెలీదంటే ఇవ్వను.

ముక్కని చేపపిల్లల కవర్లో చుట్టి సీటు అంచున, ఆవిడ కూర్చునే చోట పెట్టాను. ఐసు ఎక్కించేశారు, అప్పుడే కారుతోంది. నేను వెళ్ళాలి.